నాలుగో తీగ

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. వంటింటి గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న ముసలామె, ముందుగదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్న ఆమె కొడుకు లెక్కల మాస్టారు, వెనకగదిలో మంచానికి అడ్డంగా పడుకుని పైకప్పుని తిడుతున్న ఆమె మొగుడు. కోడలు లేదు. పోయిన వారం మామగారు విసిరిన ఇనప మూకుడు తగిలి మణికట్టు విరిగితే, కట్టు కట్టించుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. పెరటి షెడ్డుకి కరెంటు వచ్చి ఆయన అందులోకి మారాకే తిరిగొస్తానని చెప్పి మరీ వెళ్ళింది. ఆ షెడ్డుకి తీగ వెయ్యడానికి పెరట్లో కాలవ తవ్వుతున్న కరెంటక్కని ఎవరూ ఈ లెక్కలో వేసుకోరు. పనికొచ్చినవాళ్ళు ఇంట్లో ఉన్నట్టు కాదు.

ఇంటి వెనక గోడ నుంచి పెరటి చివర చెక్కల షెడ్డు దాకా ముప్ఫై అడుగులు. సగం నిన్ననే తవ్వింది. జానెడు వెడల్పు, మోకాలి లోతు. అంతకన్నా పైపైన తవ్వితే రేపెవరో పార వేసి కేబులు నరుక్కుంటారు, వాళ్ళతోపాటు ఆమె పేరూ పోతుంది. పలుగు ఎత్తి దించినప్పుడల్లా ఆమె నోట్లోంచి చిన్న మూలుగు వచ్చేది. అది నొప్పి కాదు, అలవాటు. యాభై రెండేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా, కొట్టిన మేకులా ఉంటుంది. ఎడమ చెయ్యి చిటికెనవేలు వంకరగా అతుక్కుంది. ఆ వేలు మొగుడు తలుపు సందులో పెట్టి తలుపు వేసినప్పటిది. ఇప్పుడు తీగలు మెలిపెట్టడానికి అదే బాగా పనికొస్తుంది. పైన వేసుకున్నది ఆ మొగుడి చొక్కాయే. మోచేతుల దగ్గర రెండు మాసికలు, ఎడమ జేబుకి గుండీ.

ఆ జేబులో ఆ ఇంటి ఫ్యూజు ఉంది.

ఎక్కడ పనికి వెళ్ళినా కరెంటక్క మొట్టమొదట చేసే పని అదే. బోర్డు దగ్గరికి వెళ్ళి తెల్లటి పింగాణీ ఫ్యూజుని పీకి, జేబులో వేసుకుని, గుండీ పెట్టుకుంటుంది. పని పూర్తయ్యేదాకా బయటికి తియ్యదు. అన్నం తినేటప్పుడు కూడా ఒకసారి తడిమి చూసుకుంటుంది. ఆమె పనికొచ్చిన ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫ్యాను తిరగదు, మోటారు నడవదు. జనం తిట్టుకుంటారు. అయినా పిలుస్తారు. ఆమె వేసిన వైరింగు ఇరవై ఏళ్ళుగా ఎవరినీ కొట్టలేదు.

"అమ్మాయ్, మా కరెంటు ఎక్కడ పెట్టావే?" గుమ్మంలోంచి ముసలామె అరిచింది.

"నా జేబులో ఉంది పెద్దమ్మా."

"జేబులో వేసుకుని ఊరంతా తిరుగుతావా ఏం?"

"ఊరంతా ఎందుకు, మీ పెరడు చాలదూ?"

"ఫ్యాను లేకపోతే ఆయన అరుస్తాడే."

"ఉంటే అరవరా?"

ముసలామె ఒలిచిన బఠాణీ ఒకటి నోట్లో వేసుకుని నవ్వింది. ముందుపళ్ళు రెండు లేవు. "అదీ నిజమేలే. తవ్వు తవ్వు."

పదకొండు గంటలకి కాలవ షెడ్డు గోడని తాకింది. కరెంటక్క పలుగు పక్కన పెట్టి కుళాయి కింద తల పెట్టింది. ముసలామె రమ్మంటే తడికాళ్ళతోనే లోపలికి వెళ్ళింది. ముసలామె తనకోసం కొత్తగా సర్దుకున్న గది అది. పక్కమీద తెల్లటి దుప్పటి, ఒక్కటే దిండు. మంచం తల దగ్గర గోడ మీద ముసలామె చాక్‌పీసుతో చిన్న గుండ్రం గీసి పెట్టుకుంది. కొడుకు బల్లమీంచి తెచ్చుకున్న చాక్‌పీసు కాబోలు.

"ఇక్కడ. పడుకుని చెయ్యి చాపితే అందాలి."

"ఇదేంటి పెద్దమ్మా?"

"స్విచ్చు. షెడ్డు లైటుది."

"షెడ్డు లైటుకి స్విచ్చు షెడ్డులో కదా ఉండాలి. తలుపు తియ్యగానే చేతికి తగిలేట్టు."

"ఎవరి చేతికి?" అంది ముసలామె.

కరెంటక్క ఆ సుద్ద గుండ్రం వైపు మళ్ళీ చూసింది.

"కూర్చో, చెప్తా." ముసలామె మంచం మీద తను కూర్చుని, జుట్టు తప్పించి ఎడమ చెవి చూపించింది. "దీనికి వినపడదు. పిల్లాడు కడుపులో ఉన్నప్పుడు పోయింది. ఈ బుజం ఎముక చూడు, వంకరగా లేదూ? పాలు పొంగిన రోజు. పళ్ళు పిల్లాడి పెళ్ళిలో. అందరూ ఫోటో దిగుతుంటే నేను నోరు మూసుకుని నిలబడ్డా, మూతి బిగించిందని వియ్యపురాలు ఏడ్చింది. నలభై నాలుగేళ్ళమ్మాయ్! లైటు ఆయన ఆర్పితే పడుకున్నా, ఆయన వేస్తే లేచా. రాత్రి రెండింటికి లైటు వెలిగిందంటే ఏం రాబోతోందో నాకు తెలుసు. ఒళ్ళు దానంతట అదే ముడుచుకునేది. ఇప్పుడు ఆయనకి బుర్ర పోయింది, చేతులు పోలేదు. మా కోడలి చెయ్యి విరిచాడు. షెడ్డులో వేస్తాం, గొళ్ళెం పెడతాం, అన్నం పెడతాం. లైటు మాత్రం నా చేతిలో ఉండాలి. నేను వేస్తే వెలుగు. నేను తీస్తే చీకటి. అంతే."

ఆ గుండ్రం మీద వేలు పెట్టి నొక్కి చూపించింది. వేలికి సుద్ద అంటుకుంది. దాన్ని తుడుచుకోకుండా అలాగే చూసుకుంది.

కరెంటక్క వంకర చిటికెనవేలుని గుప్పిట్లోకి ముడుచుకుంది. ముసలామె చెప్పిన దాంట్లో ఆమెకి తెలియనిది ఏమీ లేదు. తను మొగుడి దెబ్బలు తిన్నది పదహారేళ్ళు. గోడకేసి కొట్టేవాడు, తీగతో కొట్టేవాడు, మంచిరోజైతే ఒట్టి చేత్తో కొట్టేవాడు. పనికి తనతో తీసుకెళ్ళి నిచ్చెన పట్టుకోమనేవాడు. నిచ్చెన కదిలితే దిగొచ్చి తన్నేవాడు. అలా నిచ్చెన పట్టుకునే ఈ పని నేర్చుకుంది.

ఆఖరి రోజు ఒక బట్టల కొట్లో. ఆయన నిచ్చెన మీద, టెస్టరు పళ్ళ మధ్య. ఆమె మూల బోర్డు దగ్గర. పొద్దున తగిలిన దెబ్బకి ఒక కన్ను మూసుకుపోయి ఉంది. బోర్డులో రెండు ఫ్యూజులున్నాయి. "ఆపావా?" అని పళ్ళ సందునుంచి అడిగాడు. ఆమె ఒకటి పీకి "ఆపాను" అంది. ఆయన టెస్టరు పెట్టి చూడలేదు. పదహారేళ్ళలో ఆమె మాట నమ్మింది ఆ ఒక్కసారే. తీగ పట్టుకున్నాడు.

కన్ను కనపడక తప్పు ఫ్యూజు పీకిందా, కనపడే పీకిందా అన్నది ఎవరూ అడగలేదు. పాపం, ఒంటికన్నుతో ఏం చూస్తుంది అన్నారు. తనని తాను ఇరవై ఏళ్ళుగా అడుగుతూనే ఉంది. తన చెయ్యి ఎటు వెళ్ళిందో గుర్తుంది. ఎందుకు వెళ్ళిందో గుర్తులేదు. కిందపడ్డ టెస్టరు తీసుకుని తుడిచి, మర్నాటి నుంచి తనే పనికి బయల్దేరింది. దాని పసుపుపచ్చ పిడి మీద ఆయన పంటి గాట్లు ఇంకా ఉన్నాయి.

"ఏమంటావ్?" అంది ముసలామె.

"పెడతా పెద్దమ్మా. మీరు చెప్పిన చోటే పెడతా," అంది కరెంటక్క.

గోడకి కన్నం పెట్టి, స్విచ్చుపెట్టె పట్టేంత గుంట చెక్కుతుంటే ముందుగదిలోంచి మాస్టారు వచ్చాడు. సన్నగా, కళ్ళజోడుతో, చేతులకి ఎర్ర సిరాతో ఉన్నాడు. బడిలో ఇరవై ఏళ్ళుగా ఒక్క పిల్లాడి మీద చెయ్యెత్తలేదని ఊళ్ళో ఆయనకి పేరు. పిల్లలు ఆయన్ని 'మెత్తటి మాస్టారు' అంటారు.

"అక్కా, షెడ్డులో ఫ్యాను పాయింటు వద్దు. బల్బు ఒక్కటి చాలు."

"ఎండాకాలం చెక్కల గది ఉడికిపోతుంది మాస్టారూ."

"తెలుసు," అన్నాడు నెమ్మదిగా. "నేనున్నాను కదా అందులో. ఎన్నిసార్లో! ఆ గొళ్ళెం నాకోసం పెట్టిందే. అప్పుడు బల్బు కూడా లేదు. నేను బల్బు పెట్టిస్తున్నాను."

అని మళ్ళీ పేపర్లు దిద్దుకోడానికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం షెడ్డు లోపల పని. పెద్దాయన రంపపు మిల్లులో మేస్త్రీగా ఉన్నప్పుడు, మిగిలిన చెక్కలు తెచ్చి తన చేతులతో కట్టిన గది అది. ఎక్కడా వెలుతురు దూరే సందు లేదు. తలుపు మూస్తే పట్టపగలే కళ్ళు పొడుచుకున్నా కనపడదు. ఒక్క చిన్న కిటికీ ఇంటివైపు చాలా ఎత్తున ఉంది, చెయ్యి అందదు. పారలు, కత్తెరలు, తుప్పు రంపాలు అన్నీ తీసేశారు. ఒక మడతమంచం, ఒక బకెట్టు, ఒక కుర్చీ మిగిలాయి. పనివాడి చెయ్యి చూస్తే కరెంటక్కకి తెలిసిపోతుంది. చెక్కకి చెక్క అతికిన తీరు చూసి "అబ్బ!" అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

తలుపు తెరిచి పెట్టి గోడ తడుముతుంటే చేతికి గరుకుగా ఏదో తగిలింది. వంగి చూసింది. నడుమెత్తున, పదేళ్ళ పిల్లాడి భుజమంత ఎత్తున, మేకుతో గీసిన అంకెలు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, వంకరపోయి ఉన్నాయి. చీకట్లో తడుముకుంటూ గీసినవి. పదిహేడో ఎక్కం. పదిహేడు ఎనిమిదుల దాకా ఉంది. తొమ్మిదో వరసలో పదిహేడు ఒక్కటే ఉంది, తర్వాత ఏమీ లేదు. అప్పుడెవరో తలుపు తీసి ఉంటారు. బయటికి రమ్మనడానికో, మరోదానికో.

ఆమె ఆ అంకెల దగ్గరే కూర్చుని కేబులు చివర ఒలిచింది.

ఆమె తెచ్చిన కేబులులో నాలుగు తీగలున్నాయి. కొట్టువాడి దగ్గర మూడు తీగలది అయిపోయి ఇదే అంటగట్టాడు. ముసలామె చెప్పిన పనికి మూడు చాలు. నాలుగోదాన్ని కోసి, టేపు చుట్టి, వెనక్కి మడిచెయ్యడమే. ఆ తీగ ఆమె చేతిలో ఊరికే ఉంది, ఎర్రగా, కొత్తగా.

బయట ఏదో చప్పుడైంది. ఆమె లేచేలోపే పార కర్ర ఆమె ఎడమ బుజం మీద పడింది.

"నా చెక్క ఎత్తుకుపోతావా! నా మిల్లులో దొంగతనమా!"

పెద్దాయన తలుపులో నిలబడి ఉన్నాడు. ఎనభై దగ్గర్లో ఉన్న మనిషి. ఒంటిమీద కండ జారిపోయినా ఎముక జారలేదు. రంపం లాగిన చేతులవి. రెండో దెబ్బకి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది, ముంజేతి ఎముక మీద కర్ర టంగుమంది. మూడోది తలమీదికే వచ్చేది, కింద ఉన్న బకెట్టు కాలితో తన్నింది. అది ఆయన మోకాళ్ళకి తగిలి ఆయన తూలాడు. ఆమె కర్ర చివర పట్టుకుని లాగింది. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టింది. మొగుడు బతికున్నప్పుడు తిట్టలేనివన్నీ వరసతప్పకుండా వచ్చాయి. ఆ గుంజులాటలో ఇద్దరూ గడ్డిలోకి వచ్చిపడ్డారు.

మాస్టారు ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. వచ్చి, ఆగి, కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తండ్రి మెడపట్టి లేపి షెడ్డు గోడకి ఆనించి, చెంప మీద కొట్టాడు.

"ఒకటి," అన్నాడు.

మళ్ళీ కొట్టాడు. "రెండు."

అరవలేదు. ఎక్కం చదువుతున్నట్టు మెల్లగా అంటున్నాడు. పిడికిలి పక్కటెముకల్లో దిగినప్పుడు "నాలుగు" అన్నాడు. పెద్దాయన చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంటే, ఒక చెయ్యి మెలిపెట్టి కిందికి లాగి "అయిదు" అన్నాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. ముసలాయన ఏడవడం లేదు, ఆశ్చర్యంగా చూస్తున్నాడు. ఈ లెక్క తనకెక్కడో తెలిసినట్టు, ఎక్కడో గుర్తురానట్టు.

"చాలు మాస్టారూ! నాకేం కాలేదు, వదిలెయ్యండి!" కరెంటక్క ఆయన మోచెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాడు.

ఎనిమిది దగ్గర తనే ఆగాడు. ఆయాసపడుతూ నిలబడ్డాడు. చేతి మీద ఎర్ర సిరా ఏదో నెత్తురేదో తెలియడం లేదు.

వంటింటి గుమ్మంలోంచి ముసలామె గొంతు వినిపించింది. చేతిలో బఠాణీల గిన్నె అలాగే ఉంది.

"ఇంకా రెండు. నిన్నెప్పుడైనా పదికి తక్కువ వదిలాడా?"

మాస్టారు తల్లివైపు చూశాడు. తర్వాత తొమ్మిది అన్నాడు. పది అనలేదు, అంటున్నట్టు పెదవులు మాత్రం కదిలాయి. రెండు చేతులతో నెట్టాడు. పెద్దాయన తల వెనక్కి వెళ్ళి తలుపు అంచున ఉన్న ఇనప గొళ్ళానికి తగిలింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. గుమ్మడికాయ కింద పెట్టినట్టు, అంతే.

ఆయన జారి గడ్డిలో కూర్చున్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి "ఫ్యాను తిరగడం లేదు" అన్నాడు. అది విని ముసలామె నవ్వి లోపలికి వెళ్ళింది. మాస్టారు కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు, కడుక్కున్నాడు, కడుక్కుంటూనే ఉన్నాడు.

కరెంటక్క మళ్ళీ పనిలో కూర్చుంది. బుజం వాచి చెయ్యి సరిగ్గా లేవడం లేదు. కేబులు కాలవలో పరిచి, మీద ఇసక పోసి, ఇటుకలు పేరుస్తుంటే పెద్దాయన గడ్డిలో జరుగుతూ పక్కకి వచ్చాడు. ఆమె చటుక్కున పలుగు దగ్గరికి లాక్కుంది. ఆయన కొట్టడానికి రాలేదు. చెయ్యి చాపాడు, పనిముట్టు అందివ్వమని మేస్త్రీ అడిగినట్టు. ఆమెకి ఏమనిపించిందో, పక్కనున్న టెస్టరు ఆ చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. బొటనవేలితో గాట్లు తడిమాడు.

"ఎవరివీ పళ్ళు?"

"మా ఆయనవి."

"ఎక్కడున్నాడు?"

"పోయాడు."

"మంచి పనివాడా?"

"మంచి పనివాడే," అంది ఇటుక పెడుతూ.

"కొట్టేవాడా?"

"కొట్టేవాడు."

"ఆఁ, పనివాడు కొడతాడు," అన్నాడు పెద్దాయన. అందులో సిగ్గు లేదు, గొప్పా లేదు. తర్వాత తల పట్టుకుని "బరువుగా ఉందే" అన్నాడు. ఆయన చెవిలోంచి సన్నగా, దారం పోగంత, నెత్తురు మెడమీదికి దిగి ఆరిపోయి ఉండడం ఆమె చూసింది.

"మాస్టారూ, ఈయన్ని డాక్టరుకి చూపించండి. చెవిలోంచి నెత్తురొచ్చింది."

మాస్టారు తడిచేతులు పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. "చూపిస్తానక్కా. రేపు."

"ఇవాళే చూపించండి."

"రేపు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

పెద్దాయన మీద ఆమెకి జాలి కలగలేదు. కలిగిందని ఎవరైనా అంటే కొట్టేదే. బుజం భగ్గుమంటోంది. ఇలాంటివాడు చీకట్లో పడి ఉంటే ముసలామె కడుపు చల్లబడుతుందంటే, పడి ఉండనీ. అయినా ఆమె లేచి, సామాన్ల సంచి అడుగున వెతికి, మెట్ల దగ్గర వాడే స్విచ్చులు రెండు తీసింది. మేడ మెట్లకి కిందొకటి పైనొకటి పెడతారు. కింద వేసి పైన ఆర్పొచ్చు, పైన ఆర్పినదాన్ని కింద వెయ్యొచ్చు. చూడ్డానికి మామూలు స్విచ్చులాగే ఉంటుంది. దానికి కావలసింది ఒక తీగ ఎక్కువ. ఆ తీగ ఉంది.

ముసలామె చాక్‌పీసు గుండ్రంలో ఒకటి పెట్టింది. రెండోది షెడ్డులో, పదిహేడో ఎక్కానికి కింద, కూర్చున్నవాడి చేతికి అందేట్టు పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. లోపలున్నవాడి చేతికి దీపం అందాలి, అది తన పని. లోపలున్నవాడు ఎవడన్నది తన పని కాదు. అలా అనుకుంటూ మరలు బిగించింది. ఒక్కో మర బిగించినప్పుడల్లా బుజం పీకింది.

పొద్దు వాలుతుండగా కాలవ పూడ్చి, కాళ్ళతో తొక్కి, బోర్డు దగ్గరికి వెళ్ళింది. జేబు గుండీ తీసి ఫ్యూజు పెట్టింది. ఇంట్లో ఫ్యాన్లు తిరిగాయి. మాస్టారు తండ్రిని రెక్క పట్టుకుని షెడ్డుకి నడిపించుకొచ్చాడు. పెద్దాయన ఎదురు తిరగలేదు. ఒక కాలు కొంచెం ఈడుస్తున్నాడు. టెస్టరు ఇంకా గుప్పిట్లోనే ఉంది. తీసుకోబోతే గుప్పిలి బిగించాడు.

"ఉండనీలెండి, రేపు పట్టుకెళ్తా," అంది కరెంటక్క.

మాస్టారు మంచం సరిచేసి బయటికి రాగానే, ఆమె వెనకాల సంచి సర్దుకుంటున్నట్టు వంగి పెద్దాయన చెయ్యి పట్టుకుంది. ఆ మొరటు వేలుని స్విచ్చు మీద పెట్టింది.

"ఇది నొక్కితే వెలుగొస్తుంది. చీకటైతే నొక్కండి."

ఆయన నొక్కాడు. బల్బు వెలిగింది. మళ్ళీ నొక్కాడు, ఆరింది. మొదటిసారి ఆ చిట్లిన పెదవి మీద నవ్వులాంటిదేదో వచ్చింది.

"నా మిల్లులో కరెంటొచ్చిందిరోయ్!" అన్నాడు.

మాస్టారు తలుపు వేశాడు. గొళ్ళెం పడింది.

ముసలామె అప్పటికే మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. తల దువ్వుకుంది, ఉతికిన బట్టలు కట్టుకుంది. ఎదురుగా కిటికీ, కిటికీలోంచి పెరడు, పెరటి చివర నల్లటి షెడ్డు. "వెయ్యనా?" అని అడిగింది, చిన్నపిల్లలా.

వేసింది. షెడ్డు కిటికీ పచ్చగా వెలిగింది. ముసలామె ఊపిరి పీల్చింది. కొంతసేపు అలా చూసి, స్విచ్చు తీసింది. చీకటి. గోడకి ఒరిగి కళ్ళు మూసుకుంది. నలభై నాలుగేళ్ళ బరువు ఆ ముఖం మీంచి దిగిపోవడం కరెంటక్క కళ్ళారా చూసింది.

ముసలామె కళ్ళు తెరిచేసరికి షెడ్డు కిటికీ వెలుగుతోంది.

"అదేంటి?" అంది. తీసింది. ఆరింది. పది లెక్కపెట్టేలోగా మళ్ళీ వెలిగింది. మళ్ళీ తీసింది, మళ్ళీ వెలిగింది. ముసలామె ఒళ్ళు దానంతట అదే ముడుచుకుంది. మోకాళ్ళు పొట్టలోకి, చెయ్యి వినపడని చెవి మీదికి. ఆ లైటు, ఆ మనిషి వేసిన లైటు.

తర్వాత ఆమె తల మెల్లగా కరెంటక్క వైపు తిరిగింది.

"లోపల ఇంకోటి పెట్టావా?"

"పెట్టాను."

"నువ్వూ ఆడదానివేనటే? నీ వేలు నేను చూళ్ళేదనుకున్నావా? చూసే నిన్ను పిలిపించా."

కరెంటక్క వంకర వేలుని వెనక్కి దాచుకుంది. చెప్పడానికి ఉన్నదంతా చెప్పుకోలేనిది.

"తీసెయ్. ఇప్పుడే వెళ్ళి పీకేసి రా."

"నేను తియ్యను పెద్దమ్మా. ఇంకెవరినైనా పిలిపించుకోండి."

ముసలామె దిండు తీసి విసిరింది. నీళ్ళ చెంబు విసిరింది. అది గోడకి తగిలి కరెంటక్క కాళ్ళ దగ్గర దొర్లింది. తర్వాత, ఒంట్లో ఉన్న బలమంతా వేలిలో పెట్టి స్విచ్చు నొక్కింది. షెడ్డు ఆరిపోయింది. వేలు దాని మీదే ఉంచి, "వెయ్యరా చూస్తా" అంది పళ్ళులేని నోటితో. "వెయ్యి!"

ముగ్గురూ కిటికీలోంచి చూస్తున్నారు. మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెరట్లో చీకటి చిక్కబడుతోంది. పది లెక్కపెట్టేంత సేపు గడిచింది. ఇరవై గడిచింది. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"చూశావా, అలిసిపోయాడు. నేనే నెగ్గా," అంది ముసలామె.

షెడ్డు వెలగలేదు. కొంతసేపటికి ముసలామె వేలు స్విచ్చు మీంచి జారింది. "వేస్తాడులే" అంది, ఈసారి గొంతు తగ్గించి.

కరెంటక్క పెరట్లోకి నడిచింది. తాను పూడ్చిన కాలవ మీద మెత్తటి మట్టిలో అడుగులు దిగబడ్డాయి. గొళ్ళెం తీసి, గోడ తడిమి, స్విచ్చు నొక్కింది.

పెద్దాయన మంచం మీద లేడు. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి స్విచ్చు దాకా వెళ్ళి, చెక్కల మీద జారి, ఒళ్ళో పడింది. ఇంకో చేతి గుప్పిట్లో టెస్టరు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మెడ దగ్గర పట్టి చూసింది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

వెనకాలే వచ్చిన మాస్టారు తండ్రి వైపు చూడలేదు. ఆ బల్బు వెలుగులో గోడ మీది అంకెల్నే చూస్తున్నాడు. చీకట్లో గీసినవాటిని వెలుతురులో చూడడం అదే మొదటిసారేమో. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, తండ్రి పక్కనే నేల మీద కూలబడ్డాడు. "పది అనలేదక్కా," అన్నాడు. "నేను పది అనలేదు."

కరెంటక్క ఇంటివైపు వచ్చింది. సామాన్ల సంచి వెనక గుమ్మం బయటే ఉంది. గుమ్మంలో ముసలామె నిలబడి ఉంది, వెనక దీపం, ముఖం కనపడదు.

"పెద్దమ్మా, ఆయన పోయారు."

"నీ పనైపోయిందా?"

"డాక్టరుకి ఫోను చెయ్యండి. తలకి దెబ్బ తగిలింది కదా, అది..."

"ఏ దెబ్బ? నువ్వు మధ్యాహ్నమే వెళ్ళిపోయావు కదా అమ్మాయ్."

కరెంటక్క పెరటి చివరకి చూపించింది. "మధ్యాహ్నమే వెళ్ళిపోతే, అది ఎవరు వెలిగించారంటారు?"

ముసలామె ఆ వెలుగు వైపు చూసింది. చూపుడువేలికి పొద్దుటి సుద్ద ఇంకా అంటుకునే ఉంది.

"నా కొడుకు మంచివాడు," అంది చివరికి. "ఒక్క స్విచ్చే పెట్టమన్నాను నిన్ను. ఒక్కటే."

తలుపు వేసేసింది. లోపల గడియ పడిన చప్పుడైంది. కరెంటక్క ఒకసారి తట్టింది, రెండోసారి తట్టింది. ఎవరూ తియ్యలేదు. గుమ్మం బయటే కూర్చుని, అలవాటుగా, సంచిలో చేతికి తగిలినవాటిని ఒక్కొక్కటీ తడిమింది. కత్తెర ఉంది, సుత్తి ఉంది, బర్మా ఉంది. టెస్టరు పెట్టే అర ఖాళీగా ఉంది. పెరటి చివర వెలుగుతున్న షెడ్డులో, పెద్దాయన గుప్పిట్లో ఉండిపోయింది అది, పసుపుపచ్చ పిడి మీద ఇరవై ఏళ్ళ నాటి పంటి గాట్లతో.